పాత అంబాసిడర్ ఇగ్నిషన్ వైరింగ్ ముట్టుకునే ముందు

విజయనగరంలో మా పాత అంబాసిడర్ వానాకాలం వస్తే పొద్దున్నే మొరాయించేది. వైర్ల మీద చెయ్యి వేసే ముందు ఇవి చూసుకోండి.

• హ్యాండ్‌బ్రేక్ వేసి గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఉంగరం, మెటల్ వాచీ తీసేయండి.

• వైర్లు విప్పేముందు బ్యాటరీ ఎర్త్ కేబుల్ (బ్యాటరీ నుంచి బండి బాడీకి బిగించినది) తీయాలి. బాగా పాత బళ్లలో ప్లస్ ఎర్త్ కూడా ఉంటుంది, అంటే మైనస్‌కు బదులు ప్లస్ వైపు బాడీకి బిగిస్తారు. బాడీకి ఏది బిగించారో కళ్లారా చూడండి.

• ప్లగ్ వైర్లకు నంబర్లు అంటించి ఫోటో తీసుకోండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో నిప్పురవ్వ పడే వరుస) 1-3-4-2. రెండు వైర్లు తారుమారైతే బండి దగ్గుతుంది, అసలు తప్పు దొరకదు.

• తాళం ఆన్‌లో వదిలేయకండి! పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్చు) మూసుకుని ఉంటే, ప్లగ్గులకు హై వోల్టేజీ ఇచ్చే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. మాది అలాగే పోయింది, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

• పెట్రోల్ వాసన వస్తుంటే స్పార్క్ పరీక్ష (ప్లగ్ వైరుకు నిప్పురవ్వ వస్తోందో లేదో చూడటం) వద్దు. చేసేటప్పుడు వైరును ఇన్సులేషన్ ఉన్న పటకారుతోనే పట్టుకోండి, అందులో వేల వోల్టులుంటాయి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

• కళింగపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి కనెక్షన్ల మీద పచ్చటి చిలుము పడుతుంది. కొత్త పార్టులు కొనేముందు, బ్యాటరీ తీసి ఉండగానే దాన్ని సన్న గరుకు కాగితంతో రుద్దండి.