ముసురు రోజున సైకిల్ మీద 200 కిలోమీటర్లు ఎలా పూర్తి చేయాలి?

హైదరాబాద్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాద్ మీదుగా తాండూరు దాకా వెళ్లి రావడం వానాకాలంలో నాకు ఏటా అలవాటు. రానూపోనూ 200 కిలోమీటర్లు దాటుతుంది. బ్రెవేలు, అంటే గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్లు తొక్కేవాళ్లు 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించాలి. ఎండదెబ్బ ఉండదు కాబట్టి ముసురు పట్టిన రోజు ఆ గడువు కాళ్లకు సులువే. అయినా మధ్యలో ట్రాలీ ఆటో ఎక్కించి సైకిల్‌ను ఇంటికి చేర్చినవాళ్లను చాలామందిని చూశాను. ఎక్కువసార్లు వాళ్లను ఆపింది రోడ్డు పక్కన హడావుడిగా వేసుకున్న పంచరే. అందుకే మిగతావన్నీ త్వరగా చెప్పేసి దాని దగ్గర ఆగుతాను.

1. ముందు రోజు రాత్రి

టైర్లలో గాలి మామూలుకంటే ఐదు పీఎస్ఐ తగ్గించండి, తడి రోడ్డు మీద పట్టు బాగుంటుంది. చెయిన్ తుడిచి, వానకు కొట్టుకుపోని చిక్కటి ఆయిల్ వేయండి. ముందూ వెనకా లైట్లు చార్జింగ్ పెట్టండి. రెండు చక్రాలకూ మడ్‌గార్డులు బిగించండి. మడ్‌గార్డు లేని సైకిల్‌ను వానలో బయటికి తీయకూడదు. మీ చక్రం చిమ్మే బురద మీ నడుము మీదా, మీ వెనక వచ్చేవాళ్ల ముఖం మీదా పడుతుంది.

సంచిలో మూడు ట్యూబులు, టైరు విప్పే రెండు ప్లాస్టిక్ లీవర్లు, చేతి పంపు, కనుబొమలు తీసుకునే చిన్న పట్టుకారు, రెండు నూలు గుడ్డలు ఉండాలి. ట్యూబులకు పౌడర్ రాసి, గుడ్డలతో కలిపి జిప్ కవర్లో పెట్టండి. టైరులో గాలి నింపే చిన్న గ్యాస్ కార్ట్రిడ్జ్‌లు వద్దు. ఒక్కోటి ఒక్కసారికే పని చేస్తుంది, తడి చేతుల్లో నాజిల్ జారితే గ్యాసంతా గాల్లో కలిసిపోతుంది. పంపు ఎన్నిసార్లయినా కొడుతుంది.

2. బట్టలు

పూర్తి రెయిన్‌కోటు వేసుకుంటే గంటలో చెమటకే తడుస్తారు. పలచటి విండ్‌చీటర్ చాలు. ఎలాగూ తడుస్తాం, ఒంట్లో వేడి పోకుండా ఉంటే చాలు. హెల్మెట్ మీద షవర్ క్యాప్ తొడగండి. తొడల మధ్య వాజిలీన్ దట్టంగా రాయండి. కొబ్బరినూనె వానలో నిలవదు.

3. రోడ్డు మీద

వాన మొదలైన మొదటి పావుగంట అన్నిటికంటే ప్రమాదం. దుమ్ము, వాహనాలు కార్చిన నూనె నీళ్లలో కలిసి రోడ్డంతా జారుతుంది. ఆ కాసేపు నెమ్మదిగా తొక్కండి. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద రాలి నానిన ఆకులు కూడా అలాంటివే. వాటి మీద బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి. రైలు పట్టాలు ఎదురైతే నిలువుగా, సూటిగా దాటండి. నీళ్లు నిలిచిన చోటు ఎంత లోతో తెలియదు, కాబట్టి పక్కనుంచే పోవాలి.

రిమ్ బ్రేకులైతే (చక్రం రిమ్మును పక్కలనుంచి పట్టేవి) కాస్త ముందే మెల్లగా నొక్కి రిమ్ మీది నీళ్లు తుడిచాక గట్టిగా పట్టండి. వికారాబాద్ దాటాక, మూసీ పుట్టే అనంతగిరి గుట్టల దిగుడులో బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు.

వానలో దాహం తెలియదు. గడియారం చూసి గంటకు అర లీటరైనా తాగండి. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు మించి కూర్చోకండి. ఒళ్లు చల్లబడితే మళ్లీ ఎక్కబుద్ధి కాదు.

4. పంచర్

వానలో పంచర్లు ఎక్కువ. గాజుపెంకులు, పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి ఉక్కు తీగలు నీళ్లకు రోడ్డు అంచుకు కొట్టుకొస్తాయి. మనం తొక్కేది ఆ అంచునే. పైగా తడి రబ్బరులోకి గాజు సులువుగా దిగుతుంది.

మొదటి మాట: వానలో ప్యాచ్ వేయకండి. తడి రబ్బరుకు సొల్యూషన్ అంటుకోదు. అంటినట్టు కనిపించినా ఐదు కిలోమీటర్లలో ఊడుతుంది. ట్యూబే మార్చాలి. ఊళ్లో పంచర్ షాపు ఉంటుందిగా అనుకోకండి. రోడ్ సైకిళ్ల ట్యూబులకు ఉండే సన్నటి ప్రెస్టా వాల్వ్‌కు అక్కడి కంప్రెసర్ పట్టదు, మీ దగ్గర అడాప్టర్ ఉంటే తప్ప.

గాలి పోగానే అక్కడే చతికిలబడకండి. బస్ షెల్టరో, పెట్రోల్ బంకో కనిపించేదాకా సైకిల్ నడిపించుకుని వెళ్లండి. ఉరుములు ఉంటే చెట్టు కిందికి పోకూడదు. విప్పే ముందు టైరునూ రిమ్మునూ ఒక గుడ్డతో చుట్టూ తుడవండి. దాదాపు ఎవరూ ఈ పని చేయరు. తుడవకుండా విప్పితే బయటి ఇసుక లోపలికి పోయి కొత్త ట్యూబును రాపిడికి తినేస్తుంది.

పంచరైంది వెనక చక్రమైతే, చెయిన్‌ను అతి చిన్న పళ్ల చక్రం మీదికి మార్చి తీయండి. టైరును ఒక్క పక్కే విప్పండి. వాల్వ్ దగ్గర టైరు మీది కంపెనీ పేరు ఉండాలి. టైరు ఎక్కించేటప్పుడే అలా సరిచూసుకుని ఉంటే ట్యూబులో చిల్లు ఎక్కడుందో టైరులోనూ అక్కడే వెతకొచ్చు.

తీసిన ట్యూబులోకి గాలి కొట్టి పెదాల దగ్గర మెల్లగా తిప్పండి. వాన చప్పుడులో చెవికి వినపడని గాలి పెదాలకు తగులుతుంది. చిల్లు బయటి వైపుంటే ముల్లో తీగో గుచ్చుకుంది. లోపలి వైపుంటే రిమ్ టేపు, అంటే రిమ్ముకూ ట్యూబుకూ మధ్య ఉండే పట్టీ, జరిగింది. పక్కపక్కన రెండు చీలికలుంటే గుంతలో రిమ్ము నొక్కింది, గాలి తక్కువైందన్నమాట.

ఇక అసలు పని. కొత్త ట్యూబు పెట్టే ముందు, పాతదాన్ని కోసింది దొరకాలి. దొరక్కపోతే టైరు ఎక్కించకండి. ఒకసారి మన్నెగూడ, వికారాబాద్ మధ్య ఏడు కిలోమీటర్లలో రెండు ట్యూబులు పోగొట్టుకున్నాను. రెండుసార్లూ టైరు లోపల వేళ్లతో తడిమి ఏమీ లేదనుకున్నాను. మూడోసారి కనిపించింది: మూడు మిల్లీమీటర్ల తీగ, వెంట్రుకంత సన్నం. వానలో నాని మొద్దుబారిన వేళ్లకు అది తగలదు, తగిలినప్పుడు గోరు కిందికి దిగుతుంది. అందుకే ఆ రెండో గుడ్డ. పొడి నూలు గుడ్డను టైరు లోపల చుట్టూ తిప్పండి, ముందు ఒకవైపు, తర్వాత ఎదురువైపు. పోగు పట్టుకున్న చోటే ఆ తీగ ఉంటుంది. పట్టుకారుతో లోపలి నుంచి గానీ బయటి నుంచి గానీ లాగేయండి. అదే గుడ్డతో లోపల ఇసుక లేకుండా తుడవండి.

కొత్త ట్యూబులోకి, గుండ్రంగా నిలబడేంత గాలి కొట్టండి. ముందు వాల్వ్ దూర్చి, ట్యూబు మెలిపడకుండా లోపల సర్దండి. టైరు అంచు ఎక్కించడం వాల్వ్‌కు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి. చివర బిగుసుకుంటే లీవర్ తీసుకోకండి, కొత్త ట్యూబులు ఎక్కువగా చిరిగేది అక్కడే. గాలి తీసేసి, అంచును చుట్టూ రిమ్ మధ్య గాడిలోకి నొక్కుకుంటూ వస్తే బొటనవేళ్లకే ఎక్కుతుంది. వాల్వ్‌ను ఒకసారి లోపలికి నెట్టి వదలండి. టైరును రెండు పక్కలా పక్కకు ఒత్తి, ట్యూబు ఎక్కడా నలగలేదని చూడండి. సగం గాలి కొట్టి మళ్లీ చూసి, తర్వాత పూర్తిగా కొట్టండి.

ఇదంతా ఇరవై నిమిషాలు. వెంట ఉన్నవాళ్లు తొందరపెడతారు. వాళ్లను ముందు పొమ్మనండి.

5. ఇంటికొచ్చాక

సీటు పోస్టు తీసి సైకిల్ తలకిందులుగా పెడితే ఫ్రేములోకి చేరిన నీళ్లు కారిపోతాయి. చెయిన్ తుడిచి అప్పుడే ఆయిల్ వేయండి, లేదంటే పొద్దునకల్లా తుప్పు పడుతుంది. బూట్లలో పాత పేపర్లు కుక్కండి. పంచరైన ట్యూబుకు ప్యాచ్ మర్నాడు, బాగా ఆరాక, ఫ్యాన్ కింద తీరిగ్గా కూర్చుని వేసుకోండి.