రూట్ మార్చ్‌కు ముందు: దాచిపెట్టకూడని సంగతులు

ఆఫీసర్ ట్రైనింగ్‌లో రూట్ మార్చ్ (బరువు మోస్తూ చేసే దూరపు నడక) లాంటి పెద్ద ఫీల్డ్ ఎక్సర్‌సైజ్ దగ్గరపడిందంటే కేడెట్ల మధ్య ఎన్ని కిలోమీటర్లు, ఎంత బరువు అన్న మాటలే నడుస్తాయి. నన్నడిగితే వాటికంటే భయపడాల్సింది ఒంట్లో తేడాగా ఉందని తెలిసీ నోరు విప్పని కేడెట్ గురించి. వెనకబడేవాడి మీద ఎలాగూ అందరి కళ్లూ ఉంటాయి. పళ్లు బిగించి ముందు నడిచేవాడి మీద మాత్రం కుప్పకూలేదాకా ఎవరికీ అనుమానం రాదు. వడదెబ్బకు పట్టుదల కూడా ఒక కారణమే.

ఎండాకాలమైతే వేడికి ఒళ్లు అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. రోజూ కొంచెం కొంచెంగా శ్రమ పెంచుతూ ఆ ఎండలోనే చేయాలి, ఏసీ జిమ్‌లో ఎంత పరుగెత్తినా ఆ అలవాటు రాదు. బరువునూ దూరాన్నీ ఒకే వారంలో పెంచకండి. కొత్త బూట్లు ఆ రోజే తొడిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, వాళ్లకు ఏం చెప్పినా ఎక్కదు. పాదంలో ఎక్కడైనా ఒరుసుకుని మంటగా అనిపించిందా, అప్పుడే ఆగి టేపు వేసుకోండి. బొబ్బ లేచాక నడక తీరు మారిపోతుంది, ఆ భారం మోకాలి మీద పడుతుంది.

కండరాల నొప్పి మామూలే. కానీ ఎముక మీద వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడే" అని చూపించగలిగే నొప్పి సన్నని పగులు కావచ్చు. గజ్జల్లో నొప్పి వచ్చి, అడుగు వేసినప్పుడల్లా పెరుగుతుంటే అసలు ఉపేక్షించొద్దు. తొడ ఎముక పైభాగంలో పగులు వచ్చి ఉంటే, అలాగే నడిస్తే పూర్తిగా విరిగి ఆపరేషన్ దాకా వెళ్తుంది.

జ్వరం వస్తే డాక్టర్‌కి చెప్పాల్సిందే. వైరల్ జ్వరంతో ఒళ్లు హూనం చేసుకుంటే గుండె కండరం వాచే ప్రమాదం ఉంది. సికిల్ సెల్ లక్షణం (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జన్యువు ఒకటి ఉండటం) ఉన్నవాళ్లు కూడా ముందే చెప్పాలి. నొప్పి తెలియకుండా ఐబుప్రోఫెన్ వేసుకుని బయల్దేరడం కొందరికి అలవాటు. నీళ్లు తగ్గిన ఒంట్లో అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. వర్కౌట్‌కు ముందు కలుపుకునే పొడులను కూడా బారక్‌లోనే వదిలేయండి.

బడ్డీ (మీతో జంటగా ఉండే కేడెట్) తూలుతున్నా, మాటలకు పొంతన లేకపోయినా, ఉన్నట్టుండి చిరాకుపడుతున్నా వడదెబ్బేమోనని అనుమానించండి. చెమట పడుతోంది కదా అన్న ధీమా వద్దు, శ్రమతో వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు ప్రతి నిమిషమూ లెక్కే. ముందు అక్కడికక్కడే చల్లబరచండి, ఆ తర్వాతే ఆస్పత్రి. మెడ దాకా చల్లటి నీళ్లలో ఉంచడాన్ని మించింది లేదు. ఆ వీలు లేకపోతే తడిబట్టలు కప్పి, నీళ్లు పోస్తూ గాలి విసరండి. అలాగని భయంతో అదేపనిగా నీళ్లు తాగడమూ ముప్పే. గంటకు లీటరున్నర దాటితే రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, అయోమయం మొదలవుతాయి, చూసేవాళ్లు దాన్నే వడదెబ్బ అనుకుని ఇంకా తాగిస్తారు.

చలీ తక్కువది కాదు. 1995 ఫిబ్రవరిలో అమెరికా ఆర్మీ రేంజర్ స్కూల్ శిక్షణలో, అదీ ఫ్లోరిడా చిత్తడి నీళ్లలో, నలుగురు ట్రైనీలు ఒంటి వేడి పడిపోయి చనిపోయారు. తడిసినవాడు వణకడం ఆపేశాడంటే తేరుకున్నాడని అర్థం కాదు, పరిస్థితి ముదిరిందని.

ఇక సెక్షన్‌ని, అంటే మీ చిన్న దళాన్ని, నడిపించే వంతు మీకు వస్తే, అప్పటికి మీకూ నిద్ర ఉండదు. 24 గంటలు మేలుకున్నవాడి తీరు, రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి తీరు దాదాపు ఒకటే. పైగా తన బుర్ర మొద్దుబారిందని తనకే తెలియదు. అందుకే జ్ఞాపకాన్ని నమ్మకండి. దిశ, దూరం, టైము కాగితం మీద పెట్టండి. ఆర్డర్ ఇచ్చాక విన్నవాడి చేత తిరిగి చెప్పించండి. ఆగిన ప్రతిచోటా, బయల్దేరే ముందు తలలు లెక్కపెట్టండి. చీకట్లో అయితే భుజం తట్టి మరీ లెక్కపెట్టండి. అందరిలో నెమ్మదిగా నడిచేవాడిని బట్టి వేగం పెట్టుకోండి. విశ్రాంతి దొరికితే ముందు పాదాలు చూడండి, మ్యాప్ తర్వాత చూసుకోవచ్చు. "బాగున్నావా?" అని అడిగితే అందరూ "బాగున్నా సార్" అనే అంటారు. "ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశావు, ఏ రంగులో ఉంది?" అని అడిగి చూడండి, నిజం బయటపడుతుంది. కోలా రంగులో ఉంటే కండరాలు కరిగి కిడ్నీల మీద పడుతున్నాయన్నమాట. అతన్ని ఇంకొక్క అడుగు నడిపించకుండా మెడికల్ ఆఫీసర్‌కి అప్పగించండి. ఆ రంగు ఎక్సర్‌సైజ్ అయిపోయిన రెండు మూడు రోజులకు కూడా కనిపించవచ్చు, అప్పుడూ వెళ్లాల్సింది అక్కడికే. తిరిగొచ్చాక కంటినిండా నిద్రపోయేదాకా బైక్ తాళాలు ముట్టుకోకండి.