కాలిఫోర్నియా చార్టర్ స్కూలు: చేరిక దరఖాస్తు మొదలు ఫిర్యాదు దాకా

చార్టర్ స్కూలు ప్రభుత్వ బడే. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్ష ఉండదు, మతబోధ ఉండదు. కాలిఫోర్నియాలో 1992 నాటి చట్టంతో ఇవి వచ్చాయి. తేడా నిర్వహణలో ఉంది. బడిని నడిపేది స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంత ప్రభుత్వ బడుల పాలనా సంస్థ) కాదు, బడికి సొంతంగా ఉండే బోర్డు. తాము ఎలా నడుపుతామో ఆ బోర్డు రాసి ఇచ్చిన పత్రాన్ని చార్టర్ పిటిషన్ అంటారు. దాన్ని ఎక్కువగా డిస్ట్రిక్టో కౌంటీయో ఆమోదిస్తుంది. డిస్ట్రిక్ట్ బడుల నియమాల్లో చాలావాటి నుంచి చార్టర్లకు మినహాయింపు ఉంది. అందుకే ప్రవేశాలు, క్రమశిక్షణ, భద్రత విషయంలో ఆ బడి దేనికి కట్టుబడిందో తెలియాలంటే పిటిషన్ చదవాల్సిందే. వెబ్‌సైట్‌లో కనిపించకపోతే ప్రభుత్వ పత్రాలు చూసే హక్కునిచ్చే పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద ఈమెయిల్‌లో అడగండి. 2020 జనవరి 1 నుంచి ఆ చట్టమూ, బోర్డు సమావేశాలు బహిరంగంగా జరపాలనే బ్రౌన్ చట్టమూ చార్టర్ స్కూళ్లకు స్పష్టంగా వర్తిస్తున్నాయి. పత్రం ఇస్తారో లేదో 10 రోజుల్లో చెప్పాలి.

ఇంకొకటి ముందే చెప్పాలి. కింద వచ్చే గడువులు దాదాపు అన్నీ తేదీ వేసి రాసిన కాగితం మీద నడుస్తాయి. పికప్ లైన్‌లో టీచరుతోనో, ఆఫీసులో ప్రిన్సిపల్‌తోనో మాట్లాడితే మర్యాదగా వింటారు, కానీ ఏ గడువూ మొదలైనట్టు రుజువు ఉండదు. మన కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. పెద్దవాళ్లతో గొడవెందుకని నోటిమాటతో నెలలు గడిపేస్తారు, ఈలోగా విద్యా సంవత్సరం అయిపోతుంది. రాసి అడగడం గొడవ పెట్టుకోవడం కాదు. అక్కడి ఆఫీసులు పనిచేసే పద్ధతే అది.

లాటరీ, చేరిక పత్రాలు

దరఖాస్తులు ఎక్కువగా శీతాకాలంలో తీసుకుంటారు. చివరి తేదీ బడిబడికీ మారుతుంది. సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువ వస్తే బహిరంగంగా లాటరీ తీయాలి. ఇప్పటికే చదువుతున్న పిల్లలకు, ఆ డిస్ట్రిక్ట్‌లో ఉండేవాళ్లకు ప్రాధాన్యం ఉంటుంది. తోబుట్టువుల వంటి ఇతర ప్రాధాన్యాలు పిటిషన్‌లో రాసి ఉంటేనే చెల్లుతాయి. ముందు దరఖాస్తు పెట్టినవాళ్లకు ముందు సీటు అనేది లేదు, గడువు లోపల వస్తే చాలు. ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్‌కు (కిండర్‌గార్టెన్ కంటే ముందు ఏడాది తరగతి) సెప్టెంబర్ 1 నాటికి 4 ఏళ్లు, కిండర్‌గార్టెన్‌కు 5, ఒకటో తరగతికి 6 నిండాలి.

దరఖాస్తు ఫారంలో పాత మార్కుల షీట్లు, ప్రత్యేక విద్య (వైకల్యం ఉన్న పిల్లలకు ఇచ్చే విద్యా సేవలు) పత్రాలు, క్రమశిక్షణ రికార్డు అడిగితే ఇవ్వనక్కర్లేదు. చేరికకు ముందు పిల్లల రికార్డులు అడగకూడదని, మార్కులనో వైకల్యాన్నో ఇంగ్లిష్ రాకపోవడాన్నో చూసి చేరకుండా నిరుత్సాహపరచకూడదని 2019లో చట్టం సవరించారు. తల్లిదండ్రులు ఇన్ని గంటలు ఉచితంగా పనిచేయాలనే షరతు పెట్టి సీటు ఇవ్వడానికీ, సీటు నిలపడానికీ కూడా వీల్లేదు. స్వచ్ఛందంగా చేస్తే మంచిదే.

సీటు వచ్చాక అడిగేవి మూడు: వయసు రుజువు, చిరునామా రుజువు, టీకాల రికార్డు. వయసుకు జనన ధ్రువపత్రం గానీ పాస్‌పోర్టు గానీ సరిపోతుంది. పాస్‌పోర్టు ఇస్తే పుట్టిన తేదీ ఉన్న పేజీ కాపీ చాలు. వీసా పేజీ, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు చూపే పత్రం), సోషల్ సెక్యూరిటీ నంబర్ అవసరం లేదు. ఇమిగ్రేషన్ స్థితిని బట్టి పిల్లలకు ప్రభుత్వ బడి చదువు నిరాకరించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ కేసులో తేల్చింది. తల్లిదండ్రుల మీద ఆధారపడి వచ్చే హెచ్-4, ఎల్-2, ఎఫ్-2 వీసాల మీద ఉన్న పిల్లలు నిశ్చింతగా చేరవచ్చు.

అసలు చిక్కు టీకాల దగ్గర వస్తుంది. కిండర్‌గార్టెన్‌లో చేరడానికి సాధారణంగా కావలసినవి: డీటీఏపీ (డిఫ్తీరియా, ధనుర్వాతం, కోరింతదగ్గు టీకా) 5 డోసులు, పోలియో 4, హెపటైటిస్ బి 3, ఎంఎంఆర్ (మీజిల్స్, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) 2, చికెన్‌పాక్స్ 2. ఏడో తరగతికి టీడాప్ (డీటీఏపీ జబ్బులకే పెద్ద పిల్లలకు వేసే టీకా) ఒకటి అదనం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అన్నీ వేయించాం కదా అనుకుని వచ్చినవాళ్ల కార్డు ఇక్కడ ఆగిపోవడానికి కారణాలున్నాయి. భారత ప్రభుత్వ టీకా కార్యక్రమంలో ఇచ్చేది మీజిల్స్-రుబెల్లా, అందులో గవదబిళ్లల టీకా కలవదు. మొదటి డోసు 9 నెలలకు పడుతుంది, కాలిఫోర్నియా మాత్రం మొదటి పుట్టినరోజు దాటాక వేసిన ఎంఎంఆర్‌నే లెక్కిస్తుంది. చికెన్‌పాక్స్ టీకా ఆ కార్యక్రమంలో లేదు, ప్రైవేటుగా వేయించి ఉండాలి. 2016 ఏప్రిల్ 1 తర్వాత వేసిన పోలియో చుక్కలు ఇక్కడి లెక్కలోకి రావు, ఎందుకంటే ఆ మార్పు తర్వాత చుక్కల్లో మూడు రకాల వైరస్‌లకు బదులు రెండింటికే రక్షణ ఉంది. ఇంజెక్షన్ రూపంలో వేసిన పోలియో టీకా ఉంటే కార్డులో అది విడిగా కనబడేలా చూసుకోండి.

తేదీలతోనూ జాగ్రత్త. మన కార్డులో 05/08 అంటే ఆగస్టు 5. ఇక్కడి ఆఫీసులో దాన్ని మే 8గా చదువుతారు, దాంతో ఒక డోసు మొదటి పుట్టినరోజుకు ముందే పడినట్టు తేలుతుంది. కార్డు మీద పేరుకు బదులు "బేబీ ఆఫ్" అని తల్లి పేరు ఉన్నా, పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరేలా ఉన్నా పని ఆగుతుంది. వీటన్నిటికీ ఒకటే మందు: బడికి వెళ్లేముందే పిల్లల డాక్టరుకు కార్డు చూపించి, నెల పేరు అక్షరాల్లో రాయించి, రాష్ట్ర టీకా రిజిస్ట్రీలో ఎక్కించి, ఆ ప్రింట్ పట్టుకెళ్లండి. ఇతర అమెరికా బడుల నుంచి మారేవాళ్లకు రికార్డు తెచ్చేందుకు 30 బడి రోజుల వరకు వెసులుబాటు ఉంది. భారత్ నుంచి నేరుగా వచ్చే పిల్లలు దాన్ని నమ్ముకోకూడదు.

రిజిస్ట్రేషన్ డిపాజిట్, ల్యాబ్ రుసుము, పీఈ (వ్యాయామ తరగతి) యూనిఫాం డబ్బు లాంటివి తప్పనిసరి అంటే అది చట్టవిరుద్ధ వసూలే. విరాళం అడగవచ్చు, ఇవ్వకపోతే పిల్లలకు ఏ లోటూ చేయకూడదు.

చేరిన మొదటి వారాల్లో

ఎమర్జెన్సీ కార్డు మీద పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లగల పెద్దల పేర్లు రాస్తారు. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య పేర్లు పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. గుర్తింపు అడిగినప్పుడు వాళ్ల దగ్గర ఉండేది అదొక్కటే. డైరెక్టరీ సమాచారం ఫారం కూడా వదిలేయకండి. వద్దని గడువు లోపల రాసి ఇవ్వకపోతే పేరు, ఫొటో వంటివి బయటివాళ్లకు ఇచ్చే వీలు బడికి ఉంటుంది. భద్రతా ప్రణాళికను ఏటా మార్చి 1లోగా సమీక్షించి సవరించాలి. చూడాలని అడగండి. సాయుధ దాడిని ఎదుర్కొనే వ్యూహం ఉన్న భాగాన్ని గోప్యంగా ఉంచుతారు.

రికార్డులు, ప్రత్యేక విద్య మదింపు

పిల్లల విద్యా రికార్డులు చూసే హక్కు 1974 నాటి ఫెర్పా చట్టం ఇచ్చింది. రాతపూర్వకంగా అడిగాక 45 రోజులు దాటకూడదు. ప్రత్యేక విద్య రికార్డులైతే కాలిఫోర్నియాలో 5 పనిదినాలే. వెతికినందుకు డబ్బు తీసుకోకూడదు. పిల్లవాడికి 18 నిండితే ఆ హక్కు అతనికి మారుతుంది.

మాట ఆలస్యం, చదవడంలో తడబాటు, ఏకాగ్రత సమస్య ఉన్న పిల్లలకు మదింపు అడగడం ఇంతకంటే ముఖ్యం. రెండు భాషల ఇంట్లో పెరుగుతున్నాడు, నెమ్మదిగా వస్తుందిలే అని బడీ అంటుంది, ఇంట్లో పెద్దలూ అంటారు. ఆ మాటతో రెండేళ్లు పోగొట్టుకోవద్దు. ఉత్తరం ఇంతే చాలు:

"మా అబ్బాయి ఫలానా, ఫలానా తరగతి. చదవడం, రాయడం, మాట స్పష్టతలో ఇబ్బందులు గమనిస్తున్నాం. వైకల్యం ఉందని అనుమానం ఉన్న అన్ని అంశాల్లో ప్రత్యేక విద్య మదింపు కోరుతున్నాం. చట్ట ప్రకారం 15 రోజుల్లో మదింపు ప్రణాళిక పంపండి. సమావేశానికి తెలుగు దుబాసీ కావాలి."

తేదీ, సంతకం పెట్టి ప్రిన్సిపల్‌కు, ప్రత్యేక విద్య విభాగానికి ఒకేసారి ఈమెయిల్ పంపండి. 15 రోజుల్లో ప్రణాళిక రావాలి. దాన్ని చదివి నిర్ణయించుకోవడానికి మీకు కనీసం 15 రోజులు ఉంటాయి. సంతకం చేసి ఇచ్చాక 60 రోజుల్లో మదింపు ముగించి ఐఈపీ (పిల్లవాడికి ప్రత్యేకంగా రాసే విద్యా ప్రణాళిక) సమావేశం పెట్టాలి. 5 బడి రోజులకు మించిన సెలవులు ఈ లెక్కలోకి రావు, కాబట్టి మే నెలాఖరులో ఇచ్చిన సంతకం సెప్టెంబర్ దాకానో ఆ తర్వాతకో సాగుతుంది. వసంతంలోనే పంపడం మేలు. "ముందు కొన్నాళ్లు స్టూడెంట్ సక్సెస్ టీం (వెనకబడ్డ పిల్లలకు సాయం చూసే బడి బృందం) చూస్తుంది" అంటే దానికీ ఒప్పుకోండి, కానీ మదింపు విన్నపాన్ని వెనక్కి తీసుకోకండి. రెండూ ఒకేసారి నడవవచ్చు. సమావేశంలో దుబాసీని బడే ఏర్పాటు చేయాలి. అక్కనో అన్ననో కూర్చోబెట్టి చెప్పించడం తగదు.

సస్పెన్షన్, "మీరే తీసుకెళ్లండి" అనడం

10 రోజుల లోపు సస్పెన్షన్‌కు ఆరోపణ ఏమిటో చెప్పాలి. పిల్లవాడు కాదంటే ఆధారం వివరించి, అతని మాట వినాలి. 10 రోజులు, అంతకు మించితే, లేదా బహిష్కరణ అయితే రాతపూర్వక నోటీసు, తటస్థ అధికారి ముందు విచారణ, న్యాయవాదినో సహాయకుణ్నో తెచ్చుకునే హక్కు ఉంటాయి. ఏ కారణంతోనైనా బలవంతంగా పేరు తీసేయాలంటే కనీసం 5 బడి రోజుల ముందు తల్లిదండ్రుల మాతృభాషలో నోటీసు ఇవ్వాలి, అంటే తెలుగులో అడగవచ్చు. మీరు విచారణ కోరితే తుది నిర్ణయం దాకా పిల్లవాడి పేరు అక్కడే ఉంటుంది.

అన్నిటికంటే ప్రమాదం మెత్తని మాటలో వస్తుంది: "ఈ బడి మీ వాడికి సరిపడదేమో, రికార్డు పాడవకుండా మీరే మానిపిస్తే బాగుంటుంది." విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం పెట్టారా, అది మీ ఇష్టంతో జరిగినట్టే నమోదవుతుంది. పైన చెప్పిన రక్షణలేవీ పనిచేయవు. ఆ గదిలో సంతకం చేయకండి. ఇంటికొచ్చి, వాళ్లన్న మాటల్ని అదేరోజు ఈమెయిల్‌లో తిరిగి రాసి పంపండి.

ఫిర్యాదు ఎక్కడికి

చేరనివ్వకపోవడం, మానమని ఒత్తిడి చేయడం: రాష్ట్ర విద్యాశాఖ తయారుచేసిన చార్టర్ స్కూల్ కంప్లయింట్ ఫారం నింపి, చార్టర్‌ను ఆమోదించిన డిస్ట్రిక్ట్‌కో కౌంటీకో పంపాలి. నేరుగా రాష్ట్ర రాజధాని సాక్రమెంటోకు పంపినవి తిరిగి కిందికే వస్తాయి. ఆమోదించింది ఎవరో పిటిషన్ మొదటి పేజీల్లో ఉంటుంది.

వివక్ష, మతం లేదా జాతీయత పేరిట వేధింపు, అక్రమ వసూళ్లు: యూనిఫాం కంప్లయింట్ ప్రొసీజర్ (రాష్ట్రమంతటా ఒకే తీరు ఫిర్యాదు పద్ధతి) కింద బడి నియమించిన అధికారికి. వివక్ష, వేధింపులకు 6 నెలలు గడువు, వసూళ్లకు ఏడాది. వసూళ్ల ఫిర్యాదు పేరు లేకుండా కూడా ఇవ్వవచ్చు. ఏ తేదీన, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు అనేవి రాయాలి. "మా పిల్లని బాధపెడుతున్నారు" అని మాత్రమే ఉంటే తేల్చడానికి ఏమీ దొరకదు. టీచరు కసురుకున్నారు, హోంవర్క్ ఎక్కువ లాంటివి ఇందులోకి రావు, వాటికి బడి అంతర్గత ఫిర్యాదు విధానం ఉంటుంది.

60 రోజుల్లో రాతపూర్వక నివేదిక రావాలి. తృప్తి లేకపోతే నివేదిక తేదీ నుంచి 30 రోజుల్లో రాష్ట్ర విద్యాశాఖకు అప్పీలు చేయాలి. మొదటి ఫిర్యాదు ప్రతి, నివేదిక ప్రతి జతచేసి, నివేదికలో ఏ వాస్తవం తప్పో, ఏ నియమాన్ని పట్టించుకోలేదో విడివిడిగా రాయండి. మొదటి ఫిర్యాదులో లేని కొత్త ఆరోపణను అప్పీల్లో కలిపితే దాన్ని మళ్లీ బడికే పంపుతారు.