సెయిల్ చిరిగేది నీళ్లలో, చెడేది ఒడ్డు మీద

మొన్న మాతోపాటు విండ్‌సర్ఫింగ్ (తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో సాగే ఆట) చేసే ఒకతని సెయిల్, అంటే తెరచాప, ఒడ్డుకు దాదాపు కిలోమీటరు దూరంలో చిరిగింది. పెద్ద గాలేమీ లేదు. మలుపు తిరుగుతుంటే కాలు జారి, సెయిల్ మీద బోర్లా పడ్డాడు. అలాంటివి మనం రోజుకు పది పడతాం. కానీ ఈసారి పర్రుమంది. లేచి చూసుకునేసరికి బూమ్ (చేతులతో పట్టుకునే అడ్డకర్ర) కింది నుంచి పై బ్యాటెన్ (సెయిల్‌ని బిగువుగా ఉంచే అడ్డపుల్ల) దాకా ఫిల్మ్ (సెయిల్‌లోని ప్లాస్టిక్ పొర) విచ్చుకుపోయి ఉంది. గాలి ఏటవాలుగా సముద్రంలోకి లాగుతోంది. బోర్డు వదల్లేదు కాబట్టి గంటన్నర తర్వాత చేపల పడవవాళ్లకు కనిపించాడు.

సాయంత్రం ఆ సెయిల్ని అందరం చూశాం. కొని మూడేళ్లు. "మంచి కంపెనీదే, ఇంత నాసిరకంగా చేస్తారా" అని అతని బాధ. చిరగని చోట ఫిల్మ్‌ని బొటనవేలితో మెల్లగా నొక్కితే చిటపటమంది, వేలు తీశాక నక్షత్రంలా తెల్లగీతలు మిగిలాయి. "రెండు రౌండ్ల మధ్య దీన్ని ఎక్కడ పెడతావు?" అని అడిగాను. "ఇసుకలోనే. మళ్లీ వెళ్తాం కదా, విప్పడం ఎందుకు?" అన్నాడు.

కంపెనీ తప్పేమీ కనబడలేదు నాకు.

గాలుల సీజన్ మొదలవబోతోంది కాబట్టి ఇది రాస్తున్నాను. లైఫ్ జాకెట్ వేసుకోండి, వాతావరణం చూసుకోండి లాంటివి మీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఒకటే. రిగ్ చేసిన, అంటే మాస్ట్ అనే నిలువు కర్రకూ బూమ్‌కూ బిగించిన, సెయిల్ని ఎండలో వదిలి వెళ్లకండి. ఇన్నేళ్లలో నేను చూసిన పాడైన సెయిళ్లలో ఎక్కువ భాగం అలలకు బలైనవి కావు, ఇలా ఒడ్డు మీద పడుకోబెట్టగా పోయినవి.

ఫిల్మ్ ఎందుకు పెళుసెక్కుతుంది

తొలినాళ్ల విండ్‌సర్ఫింగ్ తెరచాపలు డాక్రాన్‌వి, అంటే నేసిన పాలిస్టర్ గుడ్డ. సాగేవి, ఆకారం పోయేవి, కానీ ఉన్నట్టుండి పగిలేవి కావు. తర్వాత వచ్చిన మోనోఫిల్మ్ నేత లేని ఒకే పొర పాలిస్టర్. తేలిక, సాగదు, అవతల ఎవరొస్తున్నారో కనిపిస్తుంది. మందం మిల్‌లలో చెబుతారు. 5 మిల్ అంటే 0.127 మిల్లీమీటర్లు. లాగితే గట్టిదే. కానీ ఎక్కడైనా ఒక గాటు పడితే దాన్ని ఆపడానికి అందులో ఏమీ లేదు, చిరుగు ఆ పొర చివరిదాకా పరుగెడుతుంది.

ఎక్స్‌ప్లై అనే ఇంకో రకంలో రెండు పల్చటి ఫిల్ముల మధ్య దారాల వల ఉంటుంది. చిరుగు మొదలైనా దారం దగ్గర ఆగుతుంది. అందుకే అలల్లో వాడే సెయిళ్లు చాలావరకు దానితోనే కుడతారు. అలాగని ఎక్స్‌ప్లై కొన్నాను, నాకేం భయం అనుకోకండి. ఎండకు ఆ ఫిల్ములూ పెళుసెక్కుతాయి, పొరలను పట్టి ఉంచే జిగురు ఊడుతుంది, కెవ్లార్ లాంటి అరామిడ్ దారాలైతే పసుపు రంగు పోయి గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు మారిందంటే దారంలో బలం తగ్గుతోందని అర్థం.

ఇంటి బయట వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ కొన్నేళ్లకు ఏమవుతుందో చూసే ఉంటారు. ఒకరోజు మామూలుగా కూర్చుంటే కాలు విరుగుతుంది. అతినీలలోహిత కిరణాలు పాలిస్టర్‌కీ చేసేది అదే. లోపల పొడవాటి అణువుల గొలుసులు తెగుతూ పోతాయి. పైకి కొద్దిగా పాలరంగు తప్ప ఇంకేమీ తెలియదు. మబ్బు పట్టినా ఆ కిరణాలు వస్తాయి, ఇసుక మీద నుంచీ నీటి మీద నుంచీ ఎగిసి మళ్లీ తగులుతాయి.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక గంట నీళ్లలో తిరిగి, రెండు గంటలు ఒడ్డున కబుర్లు చెప్పుకుని, మళ్లీ గంట తిరిగారు. సెయిల్ నాలుగు గంటలు ఎండ తిన్నది, మీరు వాడుకున్నది రెండే. రోజూ ఇలాగే జరిగితే సెయిల్ ఆయుష్షులో సగం ఎవరికీ పనికిరాకుండా పోతుంది. ఇదంతా మళ్లీ రిగ్ చేయడానికి పట్టే పావుగంట బద్ధకం వల్ల.

సీజన్‌కు ముందు పరిచి చూడండి

నీడలో, మెత్తటి చోట పరచండి. తర్వాత ఒక్కో ప్యానెల్‌నీ (కుట్ల మధ్య ఉండే ముక్క) వెలుగుకు పట్టి చూడండి. ముఖ్యంగా కుట్ల వెంబడి. సూది చిల్లు నుంచి పక్క చిల్లుకు వెంట్రుకంత గీతలు కనిపిస్తున్నాయా? పోస్టల్ స్టాంపులు విడదీయడానికి చిల్లులు వేస్తారే, సరిగ్గా అలా తయారైందన్నమాట. దాని మీద టేపు వేసి సముద్రంలోకి వెళ్లకండి. ఆ ప్యానెల్ మార్పించాలి.

దారాన్ని గోరుతో గీకండి. పొడిలా రాలితేనో, పీచు లేస్తేనో మళ్లీ కుట్టించాలి. ఫిల్మ్ బాగుండి దారం పోయిన సెయిళ్లు చాలా చూశాను. కుట్టించడం సులువు, కానీ ఎవరూ చూడరు.

ఫిల్మ్ అంచు దగ్గర కొద్దిగా వంచి వదలండి. బాగున్న ఫిల్మ్ నిశ్శబ్దంగా వెనక్కి వస్తుంది. చిటపటమంటే, తెల్లగీత మిగిలితే, దాన్ని తేలిక గాలికి ఒడ్డు దగ్గర వాడుకోండి, లోపలికి తీసుకెళ్లకండి. గట్టిగా మడిచి మాత్రం పరీక్షించకండి, బాగున్నదాన్ని మీరే పాడు చేస్తారు.

పనితనం తెలియాలంటే మూలలు చూడాలి. డౌన్‌హాల్ (సెయిల్‌ని మాస్ట్ వెంట కిందికి లాగే తాడు) కట్టే కింది మూల, అవుట్‌హాల్ (బూమ్ వెంట వెనక్కి లాగే తాడు) కట్టే వెనక మూల, ఈ రెండు చోట్లా పొర మీద పొర వేసి బలం చేశారా, ఆ పొరలు ఒకేచోట ఆగిపోకుండా మెట్లుమెట్లుగా పల్చబడుతున్నాయా చూడండి. ఒకేచోట ఆగితే లాగుడంతా ఆ గీత మీదే పడుతుంది. బ్యాటెన్ చివర్లకు తొడుగు ఉందా? బోర్డుకు రాసుకునే కింది అంచున దళసరి గుడ్డ ఉందా? బోర్డు పైన గరుకు ఇసుక కాగితంలా ఉంటుంది, మామూలు ఫిల్మ్ అక్కడ ఎక్కువ కాలం నిలవదు.

పాతది కొంటుంటే "ఎన్నేళ్లది" అని కాకుండా "ఎలా ఉంచారు" అని అడగండి. శిక్షణ ఇచ్చేచోట పొద్దున్నుంచి సాయంత్రం దాకా రిగ్ చేసి ఉంచిన ఏడాది సెయిల్ కంటే, సంచిలో ఐదేళ్లున్న సెయిల్ నయం. నేను మొదట్లో మొదటి రకానికి మోసపోయాను. రంగులు తళతళలాడాయి, ఫిల్మ్ రెండో వారానికే పోయింది.

రిగ్ చేసేటప్పుడు

సెయిల్ మీద లఫ్ (మాస్ట్ వెంట ఉండే ముందు అంచు) పొడవు, బూమ్ పొడవు, ఏ మాస్ట్ వాడాలో అచ్చువేసి ఉంటుంది. లఫ్ 436 సెంటీమీటర్లని ఉండి మీ మాస్ట్ 430 అయితే, మాస్ట్ కింద తొడిగే ఎక్స్‌టెన్షన్‌ని 6 దగ్గర పెట్టాలి. మాస్ట్ పొడవు సరిపోయినా వంపు తీరు సరిపోకపోతే బ్యాటెన్ల దగ్గర ఏటవాలు ముడతలు వస్తాయి, ఎంత లాగినా పోవు. ఆ ముడతల దగ్గరే ఫిల్మ్ అలసిపోతుంది.

ముందు డౌన్‌హాల్, తర్వాత అవుట్‌హాల్. విప్పేటప్పుడు ముందు అవుట్‌హాల్. డౌన్‌హాల్ తక్కువ లాగితే ఏమవుతుందిలే అనుకుంటారు. వెనక అంచు బిగుసుకుపోయి, గాలి పెరిగినప్పుడు సెయిల్ అదుపు తప్పుతుంది.  చాలా సెయిళ్ల మీద గుర్తు ఉంటుంది, పై భాగం అంతవరకు వదులు కావాలి.

బ్యాటెన్ బిగింపు ముడత పోయేంత వరకే. తర్వాత ఒక్క తిప్పు కూడా వద్దు.

మిగతావి, గుర్తొచ్చిన వరుసలో

- రిగ్ చేసిన సెయిల్ని ఎండలో వదలకండి. నీడ ఉంటే నీడలోకి లాగండి. నీడ లేకపోతే, అరగంట దాటేలా ఉంటే విప్పండి.
- సెయిల్ మీద తువ్వాలు కప్పి, నీడ అయిపోయిందనుకోకండి.
- ఒడ్డున నిలబెట్టి గాలికి కొట్టుకోనివ్వకండి.
- ఇసుక అంటిన సెయిల్ని అలాగే చుట్టకండి. మంచినీళ్లతో కడగండి. ఇసుక గీతలే రేపటి చిరుగులు.
- తడిగా చుట్టి నెలలు వదిలేయకండి. బూజు పడుతుంది, పొరలు విడుతాయి.
- మడతపెట్టకండి. పై కొన నుంచి కిందికి, బ్యాటెన్లు ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా చుట్టండి.
- మూసిన కారులో ఎండకు పెట్టకండి.
- హార్నెస్ (నడుముకు కట్టుకునే బెల్టు) కొక్కెం! ముందుకు ఎగిరిపడేటప్పుడు బూమ్ వదలకండి. వదిలితే మొదట తగిలేది కొక్కెం, దాని వెనక మీ బరువంతా.
- ఒడ్డున విరిగే అలలో సెయిల్ని పడేసి లాక్కోవద్దు. పట్టుకుని నడవండి, లేదా అల తగ్గేదాకా ఆగండి.
- బోర్డు కింద ఫిన్ (నిలువు రెక్క) ఉంటుంది. బోర్డుని సెయిల్ మీద పెట్టేవాళ్లను ఇంకా చూస్తూనే ఉన్నాను.
- చిన్న గాటు పడితే ఆరోజే ఆపండి. "ఇంకొక్క రౌండ్" వద్దు.
- టేపు వేసేముందు ఉప్పు కడిగి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడవండి. మూలలు గుండ్రంగా కత్తిరించండి. రెండు వైపులా వేయండి. చిరుగు చివర దాటి ఐదు సెంటీమీటర్లు రావాలి.
- కుట్టు దగ్గర చిరిగితే టేపు ఆపదు. సెయిల్ కుట్టేవాళ్ల దగ్గరికి వెళ్లండి.
- సెయిల్ మీద అనుమానం ఉంటే, సముద్రంలోకి లాగే గాలి రోజున దాంతో దిగవద్దు. దిగవద్దు అంతే.
- విప్పడానికి బద్ధకమా? మరి ఈత కొట్టడానికి? రిగ్ చేసిన సెయిల్ని ఎండలో వదలకండి.
- లోపల చిరిగిపోతే బోర్డు ఎక్కండి. బోర్డుని వదిలి ఈదకండి, ఎంత బాగా ఈదగలిగినా సరే. ఒడ్డు దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది, ఉండదు.
- తెడ్డులా చేతులేసి రాగలిగే దూరమైతే అవుట్‌హాల్ విప్పి, సెయిల్ని మాస్ట్ చుట్టూ చుట్టి, బోర్డు మీద పడుకుని రండి.
- రాలేనంత దూరమైతే రిగ్‌ని (సెయిల్, మాస్ట్, బూమ్ కలిపి) బోర్డుకే ఉంచండి. నీళ్లలో ఆ బరువు లంగరులా పనిచేసి కొట్టుకుపోవడం తగ్గిస్తుంది. రెండు చేతులూ పక్కలకు చాచి నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించండి, ఆపకుండా. ఆ సైగ ఎక్కడైనా అర్థమవుతుంది.
- విజిల్ జేబులో కాదు, మెడకు.
- ఫోన్ నీళ్లు చొరని సంచిలో, మీ ఒంటి మీద. కారులో ఉన్న ఫోన్ మీకు పనికిరాదు.
- ఎప్పటికి తిరిగొస్తారో ఒడ్డున ఒక్కరికైనా చెప్పి దిగండి. మొన్న అతను ఎవరికీ చెప్పలేదు. ఆరోజు అతని కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు, పడవవాళ్లు వలలు తీయడానికి అటు వచ్చారంతే.