ఫోర్స్ ఔట్, అప్పీల్ తీర్పులు: సిరొంచ, బల్లార్‌పూర్ మైదానాల కొత్త అంపైర్లకు

మహారాష్ట్రలోని సిరొంచ, బల్లార్‌పూర్ ప్రాంతాల పాఠశాలల్లో బేస్‌బాల్ మ్యాచ్‌లకు అంపైర్లుగా నిలబడబోయేవారు మొట్టమొదట స్థిరపరచుకోవలసిన విషయం ఒకటుంది: ఫీల్డర్ బంతితో బేస్ తొక్కి సాధించిన ప్రతి ఔటూ ఫోర్స్ ఔట్ కాదు. బ్యాటర్ రన్నర్‌గా మారినందువల్ల తన బేస్‌ను విధిగా ఖాళీ చేయవలసి వచ్చిన రన్నర్‌కు మాత్రమే ఫోర్స్, అంటే బేస్ తొక్కడంతోనే ఔటవడం, వర్తిస్తుంది. మొదటి బేస్ ఖాళీగా ఉన్నప్పుడు రెండో బేస్‌పై ఉన్న రన్నర్ పరుగెత్తడం అతని ఇష్టం కనుక, మూడో బేస్ దగ్గర అతణ్ని ట్యాగ్ చేయవలసిందే, అంటే బంతి ఉన్న చేత్తో తాకవలసిందే.

ఫోర్స్ ఎప్పుడు తొలగిపోయిందో గమనించడం ఇంతకంటే కష్టం. మొదటి బేస్‌పై రన్నర్ ఉండగా బ్యాటర్ నేలబారుగా కొట్టిన బంతిని మొదటి బేస్ ఫీల్డర్ అందుకొని, ముందు తన బేస్ తొక్కి బ్యాటర్‌ను ఔట్ చేసి, ఆ తర్వాత రెండో బేస్‌కు విసిరితే, వెనుకనుంచి తరిమేవారు లేనందున అక్కడ ట్యాగ్ తప్పనిసరి అవుతుంది. అదే బంతిని ముందుగా రెండో బేస్‌కు విసిరి ఉంటే బేస్ తొక్కడమే చాలు. కనుక ఏ ఔట్ ముందు పడిందో మనసులో గట్టిగా పట్టుకోవాలి.

మూడో ఔట్ ఫోర్స్ ఔట్ అయితే, అంతకుముందే మరో రన్నర్ హోమ్ ప్లేట్ తాకినా ఆ రన్ లెక్కకు రాదు. 1908 సెప్టెంబర్ 23న న్యూయార్క్ జెయింట్స్ జట్టు గెలిచామనుకున్న క్షణంలో, మొదటి బేస్ నుంచి బయలుదేరిన ఫ్రెడ్ మెర్కిల్ రెండో బేస్ తాకకుండానే వెనుదిరిగాడు. అతణ్ని ఫోర్స్ ఔట్‌గా ప్రకటించిన అంపైర్ హ్యాంక్ ఓ'డే, గెలుపు రన్‌ను రద్దు చేయగా, మ్యాచ్ సమమైంది.

మన మైదానాల్లో అసలు గొడవ క్యాచ్ తర్వాత వస్తుంది. ఒక ఔట్ పడి ఉండగా, మొదటి, మూడో బేస్‌లపై రన్నర్లున్నప్పుడు బ్యాటర్ ఎత్తుగా కొట్టిన బంతిని ఫీల్డర్ పట్టాడనుకుందాం. మూడో బేస్ రన్నర్ క్యాచ్ పడేదాకా ఆగి హోమ్ ప్లేట్ తాకాడు. మొదటి బేస్ రన్నర్ తొందరపడి క్యాచ్ పడకముందే బయలుదేరినందున, బంతిని మొదటి బేస్‌కు విసిరి బేస్ తొక్కి అప్పీల్ చేశారు, అంటే ఆ తప్పును అంపైర్‌కు చూపి ఔట్ కోరారు. మూడో ఔట్ పడింది. ఇక ఇద్దరు కెప్టెన్లూ తెలుగు, మరాఠీ కలగలిపి "బేస్ తొక్కాం, ఫోర్సే కదా సార్" అని ఒకరు, "రన్ ముందే వచ్చింది సార్" అని మరొకరు చుట్టుముడతారు. క్యాచ్‌తో బ్యాటర్ ఔటైనప్పుడే ఫోర్స్ పోయింది. ఇక్కడ తేల్చవలసింది సమయం ఒక్కటే. ప్లేట్ తాకిన తర్వాతే బేస్ తొక్కి ఉంటే రన్ చెల్లుతుంది. అందువల్ల ప్లేట్ అంపైర్ రెండు చోట్లూ ఒకే చూపులో అందే చోటికి జరిగి, "రన్ చెల్లింది" అనో "చెల్లదు" అనో స్కోరర్‌కు వెంటనే, బిగ్గరగా చెప్పాలి. అయితే ఫోర్స్ ఉన్న రన్నర్ తాను చేరవలసిన బేస్‌ను తాకకుండా దాటిపోతే, ఆ అప్పీల్‌తో పడే ఔట్ ఫోర్స్ ఔటే.

మేకులతో బిగించని బేస్ సంచి రన్నర్ తాకిడికి జరిగిపోవడం ఇక్కడ మామూలు. క్షేమంగా చేరిన రన్నర్‌ను ఆ కారణంతో అక్కడ ఔట్ చేయకూడదు. బంతి ఇంకా ఆటలో ఉన్న ఆ సందర్భంలోనే వెనుక వచ్చేవాడు సంచి ఉండవలసిన చోటును తాకితే చాలు. ఆట మొదలుకాకముందే సంచి కింద సున్నంతో గుర్తు వేయించడం మంచిది.

రన్నర్ బేస్ తాకలేదని అంపైర్ నోటితో గానీ సైగతో గానీ బయటపెట్టకూడదు. అప్పీల్ తరువాతి పిచ్‌కు (పిచర్ బ్యాటర్‌కు వేసే బంతికి), లేదా మరో ఔట్ ప్రయత్నానికి ముందే జరగాలి. సాఫ్ట్‌బాల్‌లో బంతి డెడ్‌గా ఉన్నా, అంటే ఆట ఆగి ఉన్నా, నోటితో అప్పీల్ చేయవచ్చు. బేస్‌బాల్‌లో మాత్రం బంతి మళ్లీ ఆటలోకి రావాలి.

మూడో ఔట్ పడ్డాక కూడా మరో రన్నర్‌పై అప్పీల్ చెల్లుతుంది. 2009 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌తో జరిగిన మ్యాచ్‌లో ఆరిజోనా డైమండ్‌బ్యాక్స్ పిచర్ క్యాచ్ పట్టగా, రెండో బేస్ రన్నర్‌ను ట్యాగ్ చేసి ఇన్నింగ్ ముగించారు. అంతలోపే మూడో బేస్ రన్నర్ వెనుదిరిగి తన బేస్ తాకకుండానే హోమ్ ప్లేట్ దాటాడు. అతనిపై అప్పీల్ చేయకుండానే ఫీల్డర్లు వెళ్లిపోయినందున ఆ రన్ చెల్లింది. పిచర్, ఇన్‌ఫీల్డర్లు అందరూ ఫెయిర్ ప్రాంతం (రెండు ఫౌల్ గీతల మధ్య మైదానం) దాటేవరకు అంపైర్ తన చోటు విడవకుండా నిలబడాలి.