క్యాజువల్ కాటన్ అంగీకి పల్చటి గంజి

శనివారం ఆఫీసుకు క్యాజువల్‌గా ఉంటుందని చేనేత కాటన్ అంగీ వేసుకుంటే, కాజీపేటలో ఎక్కి హన్మకొండలో బస్సు దిగేసరికి నలిగి ముద్దయిపోతుంది. దీనికి గంజి బాగా పనిచేస్తుంది, కాకపోతే పల్చగా ఉండాలి.

అన్నం వార్చిన గంజి ఒక గ్లాసు, బట్టలో వడకట్టి అర బకెట్ చన్నీళ్లలో కలపండి. మెతుకు ఒక్కటి మిగిలినా ఎండాక తెల్ల మచ్చై కూర్చుంటుంది. కుక్కర్ ఇళ్లలో గంజెక్కడిది అంటారా, రెండు చెంచాల సగ్గుబియ్యం ఉడికించి వడకట్టుకోండి. ఉతికిన అంగీని తిరగేసి ముంచి, మెల్లగా పిండి, దులిపి, కాలర్, గుండీల పట్టీ చేత్తో లాగి నీడన ఆరేయండి. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి.

ముసురు పట్టినప్పుడు మాత్రం గంజి పెట్టకండి. త్వరగా ఆరక పుల్లటి వాసన కొడుతుంది.