రీబేస్: బ్రాంచ్ చెడకుండా, పని పోకుండా

గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం)లో రీబేస్ అంటే మీ బ్రాంచ్‌ని, అంటే విడిగా నడుస్తున్న మీ పని పాయని, కొత్త మొదలు (బేస్) మీద పెట్టడం. అది మీ కమిట్లను (సేవ్ చేసిన మార్పులను) ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరపదు. వాటిలోని మార్పులు తీసుకుని, కొత్త బేస్ మీద కొత్త కమిట్లు రాస్తుంది. మెసేజ్ అదే ఉంటుంది గానీ హాష్ (కమిట్ గుర్తింపు కోడ్) మారిపోతుంది. అందుకే ఇంకొకరు కూడా పని చేస్తున్న బ్రాంచ్‌ని వాళ్లకు చెప్పకుండా రీబేస్ చేయకూడదు. వాళ్ల దగ్గర పాత కమిట్లే ఉంటాయి కాబట్టి, పుల్ చేయగానే (సర్వర్‌లోని మార్పులు తెచ్చి కలపగానే) ఒకే మార్పు రెండేసి సార్లు హిస్టరీలో కనిపిస్తుంది.

మీ ఒక్కరి బ్రాంచే అయితే ఆ బెంగ లేదు. కమిట్ చేయని మార్పులుంటే ముందు కమిట్ చేయండి, లేదా స్టాష్ చేయండి (తాత్కాలికంగా పక్కన పెట్టండి). లేకపోతే రీబేస్ మొదలే కాదు. తర్వాత (ఆరిజిన్ అంటే రిమోట్, అంటే సర్వర్‌లోని కాపీ; మెయిన్ అంటే ప్రధాన బ్రాంచ్; ఫెచ్ అంటే అక్కడి కొత్త కమిట్లు తెచ్చుకోవడం):

గిట్ ఫెచ్ ఆరిజిన్
గిట్ రీబేస్ ఆరిజిన్/మెయిన్

ఉత్త మెయిన్ అని కొట్టకండి. మీ లోకల్ మెయిన్ ఏ కాలం నాటిదో ఎవరికి తెలుసు!

కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు వేర్వేరు మార్పులు) వస్తే రీబేస్ ఆ కమిట్ దగ్గర ఆగుతుంది. ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. మెర్జ్‌లో (ఇంకో బ్రాంచ్‌ని మీ బ్రాంచ్‌లో కలిపేటప్పుడు) 'అవర్స్' అంటే మీ బ్రాంచ్. రీబేస్‌లో అది తిరగబడుతుంది. గిట్ ముందు ఆరిజిన్/మెయిన్‌కి వెళ్లి, దాని మీద మీ కమిట్లను ఒక్కొక్కటిగా వేస్తుంది కాబట్టి 'అవర్స్' మెయిన్ కోడ్, 'దెయిర్స్' మీ కోడ్. మీ కోడ్ ఉంచుదామని గిట్ చెకౌట్ --అవర్స్ కొడితే ఆ ఫైల్లో పోయేది మీ కోడే. ఫైల్ చేత్తో సరిచేసి గిట్ యాడ్, ఆపైన గిట్ రీబేస్ --కంటిన్యూ. --స్కిప్ కొడితే మొత్తం ఆ కమిటే పోతుంది. ఆ మార్పు ఇప్పటికే మెయిన్‌లో ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు. తికమక పడితే --అబార్ట్ కొట్టండి, మొదలుపెట్టిన చోటికే వస్తారు.

బ్రాంచ్ మీద బ్రాంచ్ ఉన్నప్పుడు మామూలు రీబేస్ ఏడిపిస్తుంది. 'లాగిన్' నుంచి 'ప్రొఫైల్' తీశారు, ఈలోగా లాగిన్ స్క్వాష్ అయి (కమిట్లన్నీ ఒకే కమిట్‌గా మారి) మెయిన్‌లో కలిసింది అనుకుందాం. లాగిన్ పాత కమిట్లు ఇంకా ప్రొఫైల్‌లోనే ఉన్నాయి, స్క్వాష్ కమిట్‌తో అవి సరిపోలవు, అందుకని లేనిపోని కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తాయి. అప్పుడు:

గిట్ రీబేస్ --ఆన్‌టూ ఆరిజిన్/మెయిన్ లాగిన్ ప్రొఫైల్

లాగిన్‌లో లేని ప్రొఫైల్ కమిట్లు మాత్రమే మెయిన్ మీదకి వస్తాయి. ఇది అయ్యేదాకా లోకల్ లాగిన్ బ్రాంచ్‌ని డిలీట్ చేయకండి.

ముందే పుష్ చేసిన (సర్వర్‌కి పంపిన) బ్రాంచ్ అయితే, రీబేస్ అయ్యాక పుష్ రిజెక్ట్ అవుతుంది. పుల్ చేయమని గిట్ సలహా ఇస్తుంది, వినకండి: పాత కమిట్లన్నీ మళ్లీ వచ్చి కలుస్తాయి. గిట్ పుష్ --ఫోర్స్-విత్-లీజ్ వాడండి. మీరు చివరిసారి ఫెచ్ చేశాక రిమోట్‌లో ఎవరైనా పుష్ చేసి ఉంటే అది ఆగిపోతుంది. మీ ఎడిటర్ తనంతట తానే ఫెచ్ చేస్తుంటే మాత్రం ఈ రక్షణ ఉండదు. దానికి తోడుగా --ఫోర్స్-ఇఫ్-ఇన్‌క్లూడ్స్ కూడా పెట్టండి.

ఇంత చేసినా ఏదో పోయిందనిపిస్తే గిట్ రెఫ్‌లాగ్ ప్రొఫైల్ (ఆ బ్రాంచ్ ఏయే కమిట్ల మీద ఉండి వచ్చిందో చెప్పే జాబితా) చూడండి. రీబేస్‌కి ముందున్న హాష్ అక్కడ ఉంటుంది; ఆ బ్రాంచ్‌లో ఉండి గిట్ రీసెట్ --హార్డ్ తర్వాత ఆ హాష్ ఇస్తే పాత స్థితి తిరిగొస్తుంది. ఏ బ్రాంచ్‌కీ అందని ఇలాంటి ఎంట్రీలను గిట్ డీఫాల్ట్‌గా 30 రోజులు ఉంచుతుంది.